కేస్ షీటులో లేని కాన్పు

‘మొదటి కాన్పు’ అని కేస్ షీటులో రాసినవన్నీ మొదటి కాన్పులు కావు. ఈ సంగతి గైనకాలజిస్టులందరికీ తెలుసు. ఒకసారి కాన్పయిన గర్భాశయ ముఖద్వారం గుండ్రంగా ఉండదు, అడ్డంగా గీత గీసినట్టుంటుంది. పొత్తికడుపు మీద పాత చారలు తెల్లబడి కనిపిస్తాయి. పక్కన అత్తగారు “తొలిచూలే డాక్టరమ్మా” అంటుంటుంది. ఆ పిల్ల నా మొహం కేసే చూస్తుంటుంది. అలాంటప్పుడు ఆ గడి నింపకుండా వదిలేసి అత్తగారిని బయట కూర్చోమంటాను. తలుపు మూశాక వాళ్లు చెప్పేది రెండు మూడు మాటలే. మిగతాదంతా ఏడుపు.

ఒకామె విషయంలో మాత్రం రక్తమే చెప్పేసింది. (ఇక్కడ రాస్తున్నవాళ్ల ఊళ్లు, వయసులు, ఆనవాళ్లు మార్చాను.) ఆమెది ఆర్‌హెచ్ నెగటివ్, భర్తది పాజిటివ్. కూంబ్స్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఎప్పుడూ రక్తం ఎక్కించుకోని మనిషికి తొలిచూలులో అలా రావడం చాలా అరుదు. ఆమె ఒంట్లోకి అంతకుముందే ఎవరో పాజిటివ్ బిడ్డ రక్తం చేరింది, దాని మీద యాంటీబాడీలు తయారై కూర్చున్నాయి. ఆ కాన్పు నలుగురికీ తెలిసి జరిగి ఉంటే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడేది. చాటుగా కన్నవాళ్లకు ఆ ఇంజెక్షన్ ఎవరిస్తారు? కడుపులో ఉన్న బిడ్డకు రక్తహీనత రావచ్చని, హైదరాబాద్ వెళ్లి డాప్లర్ స్కాన్లు తీయించుకుంటూ ఉండాలని వివరించాను. అంతా విని ఆమె అడిగింది: “అప్పుడు పుట్టినవాడికేం కాలేదు కదా మేడం?” ఏం కాదు, మొదటి బిడ్డకు దీనివల్ల ఇబ్బంది ఉండదు అన్నాను. ఆ జవాబుతో ఆమె మొహం తేటపడింది. రెండో బిడ్డ కొన్నాళ్లు ఐసీయూలో ఉండి క్షేమంగా ఇంటికెళ్లాడు. భర్తకు ‘రక్తం పడలేదు’ అని చెప్పాను. అది అబద్ధమూ కాదు.

ఆమెకు వెతకాలన్న ఆలోచన లేదు, ఉన్నా బయట పెట్టలేదు. వెతికినామె వేరు.

ఆమెకు యాభై దాటాయి. గర్భసంచి జారిందని వచ్చింది. ఆపరేషన్ సంగతులు మాట్లాడుతూ ఎన్ని కాన్పులని అడిగితే “రెండు... కాదు, మూడు” అంది. వెంట వచ్చిన కూతుర్ని మందుల షాపుకు పంపి అప్పుడు చెప్పింది. 1987లో, పద్దెనిమిదో ఏట, వేరే కులం అబ్బాయి వల్ల నెల తప్పింది. పిన్నిగారింట్లో ఉండి టైపు నేర్చుకుంటోందని ఊళ్లో చెప్పి, మేనమామ ఆమెను విజయవాడలో ఒక నర్సింగ్ హోముకు చేర్చాడు. పక్క గదిలో ఒకావిడ కడుపు లేకుండానే పేషంటుగా చేరి ఉంది. కాన్పు ఈమె చేసుకుంది, కేస్ షీటు ఆవిడ పేరు మీద తయారైంది. బిడ్డను గుడ్డలో చుట్టి ఆ గదిలోకే తీసుకెళ్లారు. “ఆవిడ మొహం నాకిప్పటికీ గుర్తే డాక్టరమ్మా. బిడ్డ మొహమే చూడనివ్వలేదు.”

మూడో రోజున పాలు పడ్డాయి. మాయ బయటపడగానే తల్లి రక్తంలో ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, దాంతో పాలు తయారవుతాయి. బిడ్డ పక్కన ఉన్నాడా, పక్క గదిలో ఉన్నాడా అన్నది శరీరానికి తెలియదు. ఇప్పుడైతే క్యాబర్గోలిన్ మాత్రతో ఆపుతాం. ఆ రోజుల్లో ఆయమ్మలు రొమ్ముల మీద మల్లెపూలు కట్టేవాళ్లు. మూఢనమ్మకం అనుకోనక్కర్లేదు, వెల్లూరు వైద్యులు ఆ పూలను బ్రోమోక్రిప్టిన్ మందుతో పోల్చి చూసి, పనిచేస్తాయని 1988లో పరిశోధన పత్రమే ప్రచురించారు. ఈమెకూ అదే చేశారు. గోడ అవతల బిడ్డ ఏడ్చినప్పుడల్లా కట్టిన పూలు తడిసిపోయేవట. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లలోనూ ఆమె మల్లెపూలు పెట్టుకోలేదు. అలర్జీ అని చెప్పిందట.

“పెళ్లయి మళ్లీ పిల్లలు పుడితే అదే మర్చిపోతావు” అని ఇంట్లోవాళ్లు చెప్పి పంపుతారు. అదొట్టి మాట. నేను చూసినవాళ్లలో ఎవరూ మర్చిపోలేదు. చనిపోయిన బిడ్డకైతే కనీసం నలుగురితో కలిసి ఏడవడానికి వీలుంటుంది. వీళ్లకు అదీ లేదు. ఏటా అదే నెలలో నిద్ర పట్టక, తల పగిలిపోతోందని, రొమ్ముల్లో సలపరమని వస్తారు. స్కాన్ రిపోర్టులన్నీ బాగానే ఉంటాయి. ఏ నెలలో మొదలవుతుందమ్మా అని అడిగితే, తెలిసిన డాక్టరు దగ్గర అక్కడే దొరికిపోతారు.

విజయవాడలో కన్నామె, భర్త పోయాక వెతకడం మొదలుపెట్టింది. నర్సింగ్ హోము ఉన్నచోట అపార్టుమెంటు లేచింది. నడిపిన డాక్టరుగారు కాలం చేశారు. మున్సిపాలిటీ రిజిస్టర్లో ఆ తేదీన పుట్టినవాళ్లు ఉంటారు, ఆమె పేరు మాత్రం ఉండదు. ఆ బిడ్డను చట్టప్రకారం ఎవరూ దత్తత తీసుకోలేదు కాబట్టి దత్తత కాగితాలూ లేవు. కాగితం లెక్కన పక్క గది ఆవిడే కన్నతల్లి. ఈమె ఎవరికీ ఏమీ కాదు. “నేను చచ్చేలోపు వాడు బతికే ఉన్నాడని ఎవరైనా ఒక్క మాట చెబితే చాలు. వాడి ముందుకు నేను వెళ్లను” అంది. నిజంగా కనిపిస్తే వెళ్లకుండా ఉండగలదా అని నాకు అనుమానమే. కానీ ఆమె అడుగుతున్నది అంతకంటే చిన్న కోరిక, దాన్ని తీర్చే దారి కూడా నాకు కనబడలేదు.

కొడుకును కన్న 27 ఏళ్ల తర్వాత కూడా తల్లి రక్తంలో మగబిడ్డ కణాలు దొరుకుతాయని శాస్త్రవేత్త డయానా బియాంకీ బృందం 1996లో చూపించింది. ఆ మాట ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. ఓదార్పు కింద వాడుకోవలసిన సంగతి కాదది. డీఎన్ఏ పరీక్షలూ అంతే, అవతలి మనిషి కూడా పరీక్ష చేయించుకుని ఉంటేనే సరిపోల్చగలం. తాను పెంపుడు బిడ్డనని తెలియనివాడు ఎందుకు చేయించుకుంటాడు?

ఇదంతా వెనకటి కాలం సంగతి అనుకోవద్దు. 1999 నుంచి 2001 దాకా నల్లగొండ జిల్లా తండాల్లోని లంబాడా తల్లుల దగ్గర ఆడపిల్లల్ని కొద్దిపాటి డబ్బుకు తీసుకుని విదేశీ దత్తతకు పంపిన వ్యవహారం పత్రికలన్నీ రాశాయి. ఆ తల్లుల మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు, పేదరికమే ఆ పని చేసింది. పేదరికం వల్లనో, ఆడపిల్ల అనో బిడ్డను వదులుకోవడానికి వీల్లేదని 2001లో ప్రభుత్వం జీవో తేవలసి వచ్చింది. వేలిముద్ర వేసిన తల్లులు కొందరు ఇంకా ఆ తండాల్లోనే ఉన్నారు, పిల్లలు పాతికేళ్లు దాటిన పెద్దవాళ్లయ్యారు. 2020లో తిరువనంతపురంలో ఒక యువతికి పుట్టిన బిడ్డను ఆమె పుట్టింటివాళ్లే తీసుకెళ్లారు. శిశు సంక్షేమ సంస్థ ద్వారా ఆ బిడ్డ ఆంధ్రా దంపతుల చేతికి వచ్చాడు. తల్లి వీధికెక్కి పోరాడితే, డీఎన్ఏ కలిశాక 2021 నవంబరులో కోర్టు బిడ్డను ఆమెకు అప్పగించింది. ఏ తప్పూ చేయని ఆ ఆంధ్రా తల్లి కూడా ఆ రోజు బిడ్డను పోగొట్టుకుంది. ఆమె గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. మొదట్లోనే ఒక్కరు ఆ అమ్మాయిని పక్కకు పిలిచి అడిగి ఉంటే ఇద్దరు తల్లులకూ ఆ కష్టం తప్పేది.

పక్కకు పిలిచి అడగడం అంత కష్టమేం కాదు. ఒకసారి మా దగ్గరికి పదిహేడేళ్ల అమ్మాయిని కడుపునొప్పి అంటూ తొమ్మిదో నెలలో తీసుకొచ్చారు. “పిల్లల్లేని చుట్టాలున్నారు మేడం, వాళ్ల పేరే రాసేయండి, దీని బతుకు నిలబడుతుంది” అని తండ్రి చేతులు జోడించాడు. దుర్మార్గుడు కాదు, భయపడిన మనిషి. కుదరదన్నాను. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేశాం, బాలల సంక్షేమ కమిటీ వచ్చింది. బిడ్డను అప్పగించాక మనసు మారితే వెనక్కి తీసుకోవడానికి 60 రోజులు గడువుంటుందని తండ్రికి కాకుండా ఆ అమ్మాయికే చెప్పాం. అన్నీ విని సంతకం పెట్టింది. గడువులోగా తిరిగి రాలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. బిడ్డను ఇచ్చేసిన తల్లులంతా మోసపోయినవాళ్లే అని నేననను. ఆ అమ్మాయి తానే నిర్ణయించుకుంది. విజయవాడ గదిలో ఉన్నామెను ఎవరూ అడగనే లేదు.

ఐర్లండు ఫిలొమినా లీ కథ సినిమాగా వచ్చింది కనుక చాలామందికి తెలుసు. కాన్వెంటువాళ్లు ఆమె మూడేళ్ల కొడుకును 1955లో అమెరికాకు పంపేశారు. పెద్దయ్యాక ఆ కొడుకూ, ఇటు తల్లీ అదే కాన్వెంటుకు వెళ్లి అడిగారు. ఇద్దరికీ సంగతి చెప్పలేదు. కొడుకు 1995లో చనిపోయి, తన కోరిక ప్రకారం ఆ కాన్వెంటు ఆవరణలోనే సమాధి అయ్యాడు. తల్లికి అది తర్వాతెప్పుడో తెలిసింది. ఆ దేశం 2022లో చట్టం తెచ్చి పిల్లలకు పుట్టుక వివరాలు తెలుసుకునే హక్కు ఇచ్చింది, తల్లులు కూడా తమ ఇష్టాన్ని నమోదు చేసుకునే రిజిస్టరు పెట్టింది. మన దత్తత నియమాల్లో కన్నవాళ్లను వెతుక్కునే అవకాశం దత్తబిడ్డకే ఉంది. తల్లికి అలాంటి రిజిస్టరు లేదు. బిడ్డ వచ్చి తలుపు తట్టేదాకా ఆమె ఎదురుచూడాలి. కనీసం ‘నేనిక్కడున్నాను, అడిగితే చెప్పండి’ అని రాసిపెట్టుకునే ఏర్పాటైనా చేయడం పెద్ద పనేమీ కాదు. బిడ్డ అడగనంత వరకు ఆ కాగితం ఎవరి సంసారం జోలికీ పోదు.

అది వచ్చేలోపు మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. బిడ్డను అప్పగించే తల్లి తన వివరాలు రహస్యంగా ఉంచమని అడగవచ్చు. అలా అడిగి తీరాలనేమీ లేదు, ఈ ముక్క ఆమెకు ఎవరూ చెప్పరు. ఇష్టం లేకపోయినా ఇచ్చేయమని ఒత్తిడి వస్తే 1098కి ఫోన్ చేయవచ్చని కూడా చెప్పాలి. ఇన్‌పేషంట్ రికార్డులు మూడేళ్లు దాచితే చాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి అంటుంది. కానీ దత్తబిడ్డ సొంతంగా వెతుక్కోవాలంటే 18 ఏళ్లు నిండాలి. తోటి డాక్టర్లకు నా మనవి ఇంతే: కాన్పు రిజిస్టర్లను మూడేళ్లకే తూకానికి వేయకండి, స్కాన్ చేసి దాచండి. ఎవరెంత బతిమాలినా, ఎంత డబ్బిచ్చినా, కన్నతల్లి గడిలో కన్నామె పేరే రాయండి.