మైలేజీ

మదనపల్లె నుంచి తిరుపతికి టమాటా తోలే పికప్ నడిపాను, రెండేళ్లు. బండి కంతుల మీదిది. డీజిల్ నా జేబులోంచే.

భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందని పాత డ్రైవర్లు చెప్పేవాళ్లు. తప్పు తమ్ముళ్లూ. గేర్లోనే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇప్పటి ఇంజన్లకు డీజిల్ అందడం ఆగిపోతుంది. న్యూట్రల్లో ఇంజన్ తాగుతూనే ఉంటుంది, పైగా బ్రేకులు కాగిపోతాయి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకున్నాను. ముందు బండికి ఎడమిచ్చి బ్రేకులు తగ్గించాను. 80లో పోయే దారిలో 55లో పోయాను.

అట్లా మిగిల్చిందంతా ఒక తోట ముందర పోయేది. "ఇంజన్ ఆపొద్దురా, ఇప్పుడే ఎత్తేస్తాం" అనేవాడు ఆసామి. గంట, గంటన్నర. ఆ ఇంటి గొడ్లచావిడి దగ్గర మా నాయన కూడా అట్లే నిలబడేవాడు, పిలిచేదాకా.

ఒకరోజు తాళం తీసి జేబులో వేసుకున్నాను.

"ఎందుకాపినావురా?"

"డీజిల్ నాది అన్నా. కాయలెత్తినాక స్టార్ట్ చేస్తా."

మా నాయన 'సామీ' అనే చోట నేను 'అన్నా' అన్నాను. ఆయనకు తగిలింది అదే. ఆ తోట బాడుగ మళ్లీ రాలేదు. ఆ నెల కంతుకు అమ్మ కమ్మలు కుదవకు పోయినాయి.

బండి ఆగితే ఇంజన్ ఆపాలి. చిన్న చిట్కానే. మా ఇంట్లో దానికి రెండు తరాలు పట్టింది.

జై భీమ్.