నాన్న అడిగిన ప్రశ్న

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. ఈ వేసవిలో జరిగిందే రాస్తున్నాను.

మాది రేకుల ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల ఉండలేం, వాకిట్లో చెట్టు లేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ పరీక్షలయ్యాక ఇంటికెళ్లి, కూలి నుంచి వచ్చే నాన్న కోసం ఒక పందిరి వేసి, అందులో వల ఉయ్యాల కట్టాలనుకున్నాను.

కాగితం మీద బొమ్మ గీశాను. తాటాకు కప్పుకి నాలుగు సరుగుడు గుంజలు, ఉయ్యాలకి రెండు. నాన్న చూసి, "దన్ను కర్రలు ఏవిరా?" అన్నాడు.

"అక్కర్లేదు నాన్నా" అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు.

ఉయ్యాలలో ముందు నేనే కూర్చున్నాను. రెండు గుంజలూ లోపలికి ఒరిగాయి. నేల మీద పడ్డాను.

ఆ రాత్రి లెక్క వేశాను. తాడు వాలు 30 డిగ్రీలుంటే, 60 కిలోల మనిషికి ఒక్కో తాడు మీద 60 కిలోల లాగుడు. అందులో 52 కిలోలు గుంజను లోపలికే లాగుతాయి. తాడు బిగించే కొద్దీ ఇంకా ఎక్కువ. ఇది ఇంటర్‌లో మార్కులు తెచ్చుకున్న పాఠమే!

మర్నాడు నాన్న గుంజలు రెండున్నర అడుగుల లోతున పాతి, లోపలి వైపు ఏటవాలుగా దన్ను కర్రలు పెట్టాడు. "కంచె తీగ లాగేటప్పుడు మూల గుంజకి పెడతాం కదరా" అన్నాడు.

"మరి నిన్న చెప్పలేదేం?"

"నువ్వు చదువుకున్నోడివి కదా అని."

ఆ మాట పడినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

తమ్ముళ్లూ, బాగా చదవండి. కానీ మన చదువు చూసి ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడటం మానేయకూడదు. సెలవులకు వెళ్లినప్పుడు వాళ్లని అడగండి.