హారన్ కొట్టని ఊరు

సాయంత్రం ఆరు దాటింది. జకార్తా నడిబొడ్డున తమ్రిన్ రోడ్డు మీద కార్లు, బస్సులు, మోటారు సైకిళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇంత రద్దీ మన పంజగుట్టలో ఉంటే చెవులు మూసుకోవాల్సిందే. ఇక్కడ ఇంజన్ల గురగుర తప్ప ఏమీ లేదు. ఎప్పుడైనా ఎవరో ఒకరు ‘పీప్’మని ముక్తసరిగా నొక్కుతారు. అది కూడా దారి ఇచ్చినవాడికి థాంక్స్ చెప్పడానికే.

అలాగని ఇక్కడివాళ్లు ఓపికమంతులని నేననను. కార్ల మధ్య జానెడు సందు దొరికితే చాలు, ఆకుపచ్చ జాకెట్ల మోటారు సైకిళ్లు దూరిపోతాయి. ఆ సందూ లేకపోతే ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి. అవి గోజెక్ అనే కంపెనీ బైక్ ట్యాక్సీలు. 2010లో ఇరవై మంది డ్రైవర్లతో, ఫోన్ చేస్తే బండి పంపే కాల్ సెంటర్‌గా మొదలైంది గోజెక్. 2015లో యాప్ వచ్చాక ఊరి రంగే మారిపోయింది. ఆ బండ్ల మధ్య నుంచి రోడ్డు దాటడం ఒక విద్య. ఇక్కడివాళ్లు అరచేతిని పక్కకి, కిందికి చాచి, వచ్చే బండ్లను ఆగమన్నట్టు చూపిస్తూ తాపీగా నడుస్తారు. పరుగు పెట్టరు. పరుగెత్తితే మనం ఎటు తేలతామో బండివాడికి అంచనా అందదు. నేనొక పెద్దావిడ వెనక చేరి, ఆవిడ అడుగులో అడుగు వేసి దాటాను.

మరి ఈ ఊరి చప్పుడంతా ఎక్కడికి పోయింది? సందుల్లోకి. నేను దిగింది జలాన్ జక్సా దగ్గర, రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సిన గల్లీలో. గుమ్మాల ముందు పూలకుండీలు, చూరుకు పిట్టల పంజరాలు. తెల్లవారకముందే నాలుగు దిక్కుల నుంచీ అజాన్. ఆ తర్వాత పాట పెట్టుకుని తిరిగే బ్రెడ్డు బండి. ఆ వెనక “సాయుర్!” అని కేకేస్తూ కూరగాయల బండి. సాయంత్రం మాంసం ఉండల సూప్ అమ్మే అతను కేకే వెయ్యడు, గిన్నె మీద చెంచాతో ‘టింగ్ టింగ్’మనిపిస్తాడు. బాగా పొద్దుపోయాక నూడుల్స్ అతను గరిటెతో మూకుడు మీద కొడుతూ వస్తాడు. ఇల్లాళ్లు తలుపు తెరిచి చూడనక్కర్లేదు, ఏ చప్పుడు ఏ తిండిదో పిల్లలకు కూడా తెలుసు.

నాకు అన్నిటికంటే నచ్చింది పుతు బండి. వెదురు గొట్టాల్లో బియ్యప్పిండి, మధ్యలో నల్లటి బెల్లం పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ ఆవిరే సన్నటి రంధ్రంలోంచి ఆగకుండా ఈల వేస్తుంటుంది. అమ్మేవాడి నోటికి పని లేదు. పైన కొబ్బరి కోరు చల్లి ఇస్తాడు. కొరకగానే బెల్లం కారి గడ్డం కాలుతుంది.

మిగతా తిండి సంగతి వేరు. సబాంగ్ వీధిలో రాత్రిపూట సతే పొగ కళ్లు మండిస్తుంది. వాసన అమోఘం. రుచి దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. కమ్మగా కాల్చిన మాంసం మీద తియ్యటి సోయా సాస్ ఎందుకు పోస్తారో నాకెవరూ ఒప్పించేలా చెప్పలేదు. సంబల్ అనే మిరప పచ్చడి ఒక్కటే నా నాలుకని కాపాడింది. గోళ్లంత మిరపకాయలు, ఆవకాయతో పెరిగిన మనిషి చేత కూడా నీళ్లు తాగించాయి.

ఇక్కడ ఆటోని బజాజ్ అనే పిలుస్తారు. 1970లలో మన దేశం నుంచి వచ్చిన బండి ఇది. పొగలు చిమ్మే పాత నారింజ రంగువి పోయి, గ్యాస్‌తో నడిచే నీలం రంగువి తిరుగుతున్నాయి. మీటరు లేదు, బేరం ఉంది. బేరంలో నేను ఏ దేశంలోనైనా నెగ్గగలనన్న ధీమాతో “బాంగ్!” (అన్నా!) అని పిలిచి సగం చెప్పాను. డ్రైవరు హాయిగా నవ్వి, పాట పాడుకుంటూ వెళ్లిపోయాడు. రెండో అతనితో మర్యాదగా మాట్లాడి పసార్ బారు చేరాను. 1820 నాటి బజారు అది. బట్టల దుకాణాల్లో తరాలుగా స్థిరపడ్డ సింధీలున్నారు. ఒక పెద్దాయన నన్ను చూడగానే హిందీలో “ఆవో బేటా” అని పిలిచి, పట్టు తాను ఒకటి విప్పి పరిచేశాడు. కొననని చెప్పినా మడవలేదు.

ఆదివారం పొద్దున తమ్రిన్ రోడ్డులోకి కార్లను రానివ్వరు. 1962 ఏషియన్ గేమ్స్ కోసం కట్టిన స్వాగత విగ్రహం చుట్టూ సైకిళ్లు, పరుగులు, మైకు పెట్టి ఏరోబిక్స్, బెలూన్లవాళ్ల కేకలు. వారంలో ఏ రోజూ ఆ రోడ్డు మీద అంత గోల వినలేదు. పక్కన ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని, వేరుశెనగ సాస్ కలిపిన కేతోప్రాక్ సగం తిన్నానో లేదో, బండి ఆవిడ నా స్టూల్ పట్టుకుంది. పది కావస్తోంది, బారికేడ్లు తీసేస్తున్నారు. ప్లేటు చేతిలో పట్టుకుని లేచాను. ఆవిడ స్టూళ్లన్నీ ఒకదానిలో ఒకటి దోపి, బండి మీదకెక్కించి, డబ్బులకు చెయ్యి చాపింది.