చెరువు గట్టున చుక్కల హోటలు

హోటలు గదిలో దిగగానే మనవాళ్లు చేసే మొదటి పని ఏమిటి? ఫ్యాను స్విచ్చి వెతకడం కాదు, పరుపు మెత్తదనం చూడడం కాదు. గబగబా కిటికీ దగ్గరకెళ్లి తెర పక్కకు లాగడం! ఆ తెర వెనక ఏముందో దాన్నిబట్టే గది అద్దె. గోడ కనిపిస్తే ఒక రేటు, రోడ్డు కనిపిస్తే ఒక రేటు. నీళ్లు కనిపిస్తే మాత్రం... ఆ లెక్కే వేరు సుమండీ!

సినిమావాళ్లకు ఈ సంగతి ఏనాడో తెలుసు. పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లో ఎన్నో యూనిట్లు సముద్రం కోసం విశాఖపట్నం రైలెక్కాయి. 1978లో ‘మరో చరిత్ర’ వచ్చాక ఆ తీరం తెలియని తెలుగు ప్రేక్షకుడు లేడు. అక్కడి బీచి రోడ్డులో పార్క్ హోటలు 1968 నుంచీ ఉంది. హైదరాబాదుకు సముద్రం లేదు గాని, చెరువులకేం తక్కువ? బంజారాహిల్స్‌లో చెరువును ఆనుకుని వెలసిన బంజారా హోటలు, తర్వాతి రోజుల్లో తాజ్ బంజారా, ఒక తరం వాళ్లకు ‘చెరువు హోటలే’. టాంక్‌బండ్ దగ్గర వైస్రాయ్ ఉండేది. 1995 ఆగస్టులో తెలుగుదేశం రాజకీయమంతా అక్కడే నడిచింది కనుక, ఆ పేరు చెబితే చాలామందికి హుస్సేన్‌సాగర్ కంటే ముందు ఎమ్మెల్యేలు గుర్తొస్తారు! ఇప్పుడది మారియట్.

ఇక ఈ కాలపు చెరువు ఏదయ్యా అంటే, దుర్గం చెరువు. గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇక్కడినుంచే వెళ్లేవని చెప్పుకుంటారు. కొండరాళ్ల మధ్య దాగి ఉండేది కాబట్టి ‘రహస్య చెరువు’ అన్న పేరూ ఉంది. ఇప్పుడు రహస్యం ఎక్కడిది! చుట్టూ అద్దాల మేడలు, మీద 2020 సెప్టెంబరులో ప్రారంభమైన తీగల వంతెన, ఆ వంతెన మీద ఫోన్లు పైకెత్తి ఫోటోలు దిగే జనం. గట్టున 2018లో ఐటీసీ కోహినూర్ హోటలు వచ్చింది. కోహినూరు వజ్రం దొరికిందని చెప్పే కృష్ణ ఒడ్డు కొల్లూరేమో పులిచింతల నీళ్లలో మునిగింది. పేరు మాత్రం ఇక్కడ, మరో నీటి ఒడ్డున, మెరుస్తోంది. అన్నట్టు, నేనీ వ్యాసంలో చెప్పబోయే ముచ్చట జరిగిన హోటలు పేరు రాయను. రాస్తే డబ్బు పుచ్చుకుని రాశాడంటారు. ఆ చెరువు కనిపించే హోటళ్లలో ఒకటి అనుకోండి, చాలు.

మేముండేది నిజాంపేట. కూకట్‌పల్లి దాటి బాచుపల్లి వైపు వెళ్తుంటే తగిలే అపార్టుమెంట్ల అడవి. పొద్దున్నే పిల్లలంతా హైటెక్ సిటీ వైపు పోతారు, పెద్దవాళ్లు ప్రగతినగర్ చెరువు గట్టున నడుస్తారు. ఆ నడకలోనే పరిచయమయ్యారు మా బాబాయిగారు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. ఆయన ముప్ఫై ఏళ్లు సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరుగా చేశారు. తెర మీద పేరు చిన్న అక్షరాల్లో పడి, చదివేలోగా వెళ్లిపోయే బాపతు. కాని ఔట్‌డోర్‌లో యూనిట్ యావత్తూ ఎక్కడ పడుకోవాలో, ఎన్నింటికి తినాలో నిర్ణయించేది ఆయనే.

ఆయన కొడుకు ఐటీ కంపెనీలో పనిచేస్తాడు. వాడి ఫోనులో ఒక హోటళ్ల కంపెనీ కార్డుంది. అందులో పాయింట్లున్నాయి. ఆ పాయింట్లతో అమ్మానాన్నలను ఒక రాత్రి చెరువు గట్టు హోటల్లో ఉంచాలని వాడి ఆశ. కారణం గట్టిదే. వాళ్ల పెళ్లయి యాభై ఏళ్లు!

“పాయింట్లు గీయింట్లు ఏవిటి అబ్బాయ్! మా రోజుల్లో కార్డంటే విజిటింగ్ కార్డే” అన్నారు బాబాయిగారు.

నేను వివరంగా చెప్పాల్సి వచ్చింది. విమానాలవాళ్లు మొదలెట్టారిది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తమ విమానమే మళ్లీ మళ్లీ ఎక్కేవాళ్లకు మైళ్లు లెక్కగట్టి ఉచిత ప్రయాణం ఇచ్చింది. అది చూసి 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్లు కూడా అదే దారి పట్టాయి. మారియట్ వాళ్ల పథకానికి 2019 నుంచి బాన్‌వాయ్ అని పేరు. ఏడాదిలో 10 రాత్రులుంటే సిల్వర్, 25 అయితే గోల్డ్, 50 అయితే ప్లాటినం.

బాబాయిగారి కళ్లు మెరిశాయి. “మన లెక్కే! ఇరవై అయిదు వారాలకి సిల్వర్ జూబిలీ, యాభైకి గోల్డెన్ జూబిలీ. వీళ్లు ఒక మెట్టు ఎక్కువ కట్టి పిలుస్తున్నారంతే.”

ఒక తేడా ఉంది. సినిమాకు జూబిలీ ఒకసారి వచ్చిందంటే ఇక తీసేసేవాడు లేడు. ఇక్కడ ప్రతి జనవరిలోనూ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు! కొడుకు రెండేళ్ల క్రితం వరకు పుణె, గురుగ్రామ్, సింగపూర్ అంటూ నెలలో సగం రోజులు హోటళ్లలోనే ఉండేవాడు. బిల్లు కంపెనీది, పాయింట్లు వాడివి. ప్రపంచంలో ఇంత తియ్యటి ఏర్పాటు ఇంకోటి లేదు. తర్వాత ప్రాజెక్టు మారి ఇంట్లోంచే పని. హోదా జారుతోంది. పైగా బాన్‌వాయ్ లాంటి పథకాల్లో 24 నెలలు ఖాతాలో కదలిక లేకపోతే పాయింట్లే రద్దు. అదీ వాడి తొందర.

“మరి మీకేమీ ఇచ్చేవారు కాదా హోటళ్లవాళ్లు?” అనడిగాను.

“ఇవ్వకేం!” అంటూ పాత డైరీ తెచ్చారు. ప్రతి ఊరికీ ఒక పేజీ. హోటలు పేరు, యజమాని పేరు, రాత్రి డ్యూటీ గుమస్తా పేరు, వంటవాడి పేరు. పది గదులు తీసుకుంటే పదకొండోది కాస్ట్యూములకు ఉచితం. తెల్లవారుజామున నాలుగింటికి వేణ్ణీళ్లు. హీరోగారికి ఒక గది నంబరు సెంటిమెంటు; యూనిట్ వస్తోందంటే ఆ గది ముందు రోజే ఖాళీ చేయించి ఉంచేవారు. కథానాయికకు కారం పడదని రూమ్ బాయ్‌కి చెప్పనక్కర్లేదు, వాడికి తెలుసు. అన్నిటికంటే పెద్ద సౌకర్యం, అప్పు. సగం బిల్లు ఇప్పుడు, సగం సినిమా విడుదలయ్యాక!

“ఫ్లాపైతే?”

“ఆ ఊరికి మళ్లీ వెళ్లకూడదంతే” అని నవ్వారు.

ఆ నవ్వులో పిన్నిగారు కలవలేదు. కాఫీ గ్లాసులు పెట్టి, “ముప్ఫై ఏళ్లు హోటళ్లలోనే ఉన్నారు నాయనా ఈయన. నన్ను ఒక్కనాడు తీసుకెళ్లిందీ లేదు. యూనిట్ వాళ్లకే గదులు చాలవనేవారు” అంది. కోపంగా కాదు, బియ్యంలో రాళ్లు ఏరుతున్నప్పటి గొంతుతో. బాబాయిగారు డైరీ మూసేశారు.

సరే, ఆ రోజు వచ్చింది. కొడుకు మళ్లీ సింగపూర్లో ఉన్నాడు. కాబట్టి కారు నడిపే భాగ్యం నాకు దక్కింది. నిజాంపేట నుంచి దుర్గం చెరువు ఎంతో దూరం కాదు, పది పన్నెండు కిలోమీటర్లు. కాని జేఎన్‌టీయూ దగ్గర, మళ్లీ మైండ్‌స్పేస్ దగ్గర ట్రాఫిక్‌కి దణ్ణం పెట్టి వెళ్లాలి. పిన్నిగారు కంచిపట్టు చీర, ఒళ్లో స్టీలు డబ్బా. అందులో చక్రాలు. ‘అక్కడేం పెడతారో ఏమో’నని!

పెద్ద హోటళ్ల గుమ్మంలో సంచులు స్కానింగుకు పెట్టాలి కదా, ఆ చక్రాల డబ్బా యంత్రంలోంచి బయటకొచ్చే దాకా ఆవిడ ప్రాణం ప్రాణంలో లేదు. కౌంటరు దగ్గర ఒక అమ్మాయి నమస్కారం పెట్టి, ఆధార్ కార్డులు చూసి, కంప్యూటరులో ఏదో నొక్కి, చాలా మర్యాదగా ఒక సంగతి చెప్పింది. గది పాయింట్లతో బుక్కయింది, దానికి ఏ ఇబ్బందీ లేదు. అయితే కార్డు కొడుకుది. కార్డుమీద వచ్చే ఉచిత ఉపాహారం, లౌంజ్, పై తరగతి గది లాంటివన్నీ కార్డుగలవాడు స్వయంగా దిగితేనే. పాయింట్లు ఎవరికైనా కానుక ఇవ్వొచ్చు, హోదా ఇవ్వడానికి లేదు!

ఇది చాలామందికి తెలియని సంగతి, తెలుసుకోదగ్గది. పిల్లల కార్డు చూసుకుని అమ్మానాన్నలు ఇలాగే ఆశపడతారు. ఇంకోటి కూడా ఉంది. మా బావమరిది ఆ మధ్య విశాఖలో ఒక హోటలుకు ఏదో బుకింగ్ వెబ్‌సైటు ద్వారా చవగ్గా గది పట్టాడు. బయటి సైటులో బుక్ చేస్తే సాధారణంగా పాయింట్లు రావు, కార్డు సౌకర్యాలూ రావు. హోటలు సొంత సైటులోనో ఫోనులోనో చేసుకోవాలి. పైగా అతగాడికిచ్చింది ‘పాక్షిక సముద్ర దృశ్యం’ గది. బాల్కనీ చివర నిలబడి, ఊచ పట్టుకుని, మెడ వంచితే జానెడు నీలం రంగు కనిపించిందట!

మళ్లీ కౌంటరుకొద్దాం. గది ఏ వైపని అడిగితే రోడ్డు వైపని తేలింది. పాయింట్లకు వచ్చేది మామూలు గది. నేను నా సెల్‌ఫోను తీసి కొడుక్కి ఫోన్ చేయబోయాను. బాబాయిగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ముప్ఫై ఏళ్ల నాటి మేనేజరు లేచాడు ఆయనలో! ముందు ఆ అమ్మాయి పేరడిగారు. ఏ ఊరమ్మా అన్నారు. రాజమండ్రి అంటే, అక్కడ గోదావరి గట్టున తాను దిగిన హోటళ్ల కబుర్లు రెండు చెప్పారు. గొంతు పెంచలేదు, హక్కులు మాట్లాడలేదు. ఆఖర్న, “తల్లీ, మా పెళ్లయి ఇవాళ్టికి యాభై ఏళ్లు. ఈవిడ హోటల్లో ఉండడం ఇదే మొదలు. చెరువు వైపు ఏదైనా ఖాళీ ఉందేమో ఒక్కసారి చూడు. లేకపోతే పర్వాలేదు” అన్నారు. ఆ చివరి వాక్యం గమనించారా? అదే అసలు విద్య.

ఆ అమ్మాయి లోపలికెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. పై అంతస్తులో చెరువు వైపు గది. గంట తర్వాత చిన్న కేకు, దాని మీద చాక్లెటుతో తెలుగులో ‘యాభై’ అని రాసి! పొల్లు, వత్తు తప్పులేకుండా రాశారు, అది గొప్పే.

నేను వాళ్లతో ఒక టీ తాగి బయల్దేరాను. ఆ టీ ధర రాస్తే ఈ వారం ఉత్తరాల శీర్షిక అంతా దాని మీదే ఉంటుంది కాబట్టి రాయను. రోజుకు ₹7,500 దాటిన గది అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉందని, తిండి మీద కూడా అలాంటి చోట్ల అంతే పడుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

రాత్రి ముచ్చట్లు మర్నాడు పిన్నిగారి నోట విన్నవే. ఏసీ చలికి రెండు దుప్పట్లు. స్నానాలగదిలో అన్నీ ఉన్నాయి గాని మగ్గు లేదు! ఫోన్ చేస్తే పది నిమిషాల్లో బకెట్టూ మగ్గూ తెచ్చిచ్చారట. నన్నడిగితే పెద్ద హోటలు గొప్పతనం కొలవడానికి ఇంతకంటే మంచి కొలమానం లేదు. బాబాయిగారు తొమ్మిదింటికే పడుకున్నారు. ఆవిడ మాత్రం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఒంటిగంట దాకా కూర్చుంది. వంతెన తీగలకు రంగు దీపాలు మారుతుంటే, ఏ రంగు తర్వాత ఏ రంగు వస్తుందో కంఠతా పట్టేసింది.

“నీళ్లు బాగున్నాయా పిన్నీ?” అన్నాను.

“నీళ్లెక్కడివి నాయనా, చీకట్లో దీపాలే. తెల్లారాక చూస్తే ఓ మూల గుర్రపుడెక్క. అయినా కిటికీ తెరుచుకోదు, గాలి లేదు. మన ప్రగతినగర్ చెరువైతే గాలి తగులుతుంది” అంది. ఒక్క క్షణం ఆగి, “కాని అంత ఎత్తునుంచి ఎప్పుడూ చూళ్లేదు. కొంగలు మనకంటే కిందగా ఎగురుతున్నాయి” అంది.

ఉపాహారం డబ్బు కట్టే తిన్నారు. అరవై రకాలున్నా ఆవిడ తిన్నది ఒక పెసరట్టు. అల్లం ముక్కలు సరిగా వేశారని మెచ్చుకుంది. బాబాయిగారు వంటవాణ్ణి పిలిపించి ఏ ఊరో కనుక్కున్నారు. పన్నెండింటికి గది ఖాళీ చేసేటప్పుడు పాత అలవాటు కొద్దీ బిల్లు ప్రతి లైనూ వేలు పెట్టి చదివారు. తర్వాత జేబులోంచి డైరీ తీశారు. కొత్త పేజీ. హోటలు పేరు, కౌంటరు అమ్మాయి పేరు, ఆమె డ్యూటీ వేళలు, పెసరట్టు వేసే కుర్రాడి పేరు.

కార్లో ఉండగా సింగపూర్ నుంచి ఫోన్. ఖాతాలో మిగిలిన పాయింట్లు ఇంకో రాత్రికి మూడు వేలు తక్కువ పడుతున్నాయట. ఏడాది చివరికి ఎలాగో పూర్తి చేస్తానంటున్నాడు కొడుకు.

“నువ్వేం కంగారు పడకురా,” అన్నారు బాబాయిగారు, “ఆ మూడు వేల సంగతి నేను ఆ అమ్మాయితో మాట్లాడతాలే.”

అలా కుదరదు నాన్నా, అది కంప్యూటరు అని వాడు చెబుతూనే ఉన్నాడు. వెనక సీట్లో పిన్నిగారు చక్రాల డబ్బా మూత తీసింది. అవి అలాగే ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు.