నారాయణ పక్షి బాటిల్

మా ఆఫీసులో జీతాలు, ప్రమోషన్ల తర్వాత అంత సీరియస్‌గా చర్చ జరిగే సబ్జెక్టు ఇంకోటుంది. వాటర్ బాటిల్! ఏ డెస్కు మీద చూసినా ఓ స్టీలు బాటిల్. ఎవరిది ఎన్ని గంటలు చల్లగా ఉంచుతుందో పోటీలు. చాన్నాళ్ళు బెట్టుగా ఉన్నాను గానీ, చివరికి నేనూ పడిపోయాను. రెండు వేల పైచిలుకు వదిలింది. నన్ను పడేసింది మాత్రం చల్లదనం కాదు, దాని మీదున్న పాతకాలపు పక్షి బొమ్మ.

ఆ బొమ్మ ఆడుబాన్ అనే ఆయన వేసింది. 1827 నుంచి 1838 దాకా 'బర్డ్స్ ఆఫ్ అమెరికా' పేరుతో 435 బొమ్మలు అచ్చు వేయించాడు. కాపీరైట్ గొడవ లేదు కాబట్టి ఇప్పుడు వాటిని కప్పుల మీదా, కర్టెన్ల మీదా, బాటిళ్ళ మీదా ఎవరైనా వేసుకోవచ్చు. ప్రతి పక్షినీ దాని అసలు సైజులోనే వెయ్యాలని ఈయన పట్టుదల. కాగితమేమో మీటరు పొడవు, నా బాటిల్ మీదున్న కొంగేమో నాలుగడుగులుంటుంది. అందుకని పేజీలో పట్టేలా దాని మెడ కిందికి వంచేశాడు. ఆ వంపే బొమ్మకి అందం తెచ్చిందనుకోండి, అది వేరే విషయం.

మొన్న ఎండాకాలంలో ఊరికెళ్ళాను. మాది మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్యన, కంభం దగ్గర. బెంగుళూరులో వేసిన ఐసు ముక్కలు ఇంటికెళ్ళేదాకా గలగలమంటూనే ఉన్నాయి. మనం ఊరుకుంటామా! నాయనకి లెక్చరు మొదలుపెట్టాను. "లోపల రెండు గోడలుంటాయి నాయనా. మధ్యలో గాలి ఉండదు. గాలి లేకపోతే వేడి లోపలికి రావడానికి దారి లేదు. 1892లో డ్యూయర్ అనే సైంటిస్టు కనిపెట్టాడు. పాపం పేటెంట్ తీసుకోలేదు, జర్మనీ వాళ్ళు థర్మాస్ పేరుతో అమ్ముకుని బాగుపడ్డారు..."

నాయన నా మాట వింటున్నట్టు లేడు. బాటిల్ని అటూ ఇటూ తిప్పి, "ఏందిరా, నారాయణ పక్షిని దీని మీద ఏసినారు?" అన్నాడు.

"అది మనది కాదు, అమెరికాది."

"యాడిదైతే ఏంలే. చెరువులో చేప కోసం చూసేది అచ్చం ఇట్టనే." (తర్వాత చూస్తే నిజమే, రెండూ ఒకే ప్రజాతికి చెందిన దాయాదులు.)

మూత తీసి, తాగబోతూ ఆగి అడిగాడు. "నీళ్ళు యాటివి?"

మా పక్క నీళ్ళ గురించి మొదటి ప్రశ్న ఇదే. చల్లగా ఉన్నాయా అని కాదు, ఎక్కడివి అని. బోరువా, చెరువువా, క్యానువా? ఎందుకంటే ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. భూమి లోపలి రాళ్ళలోంచి నీళ్ళలో కలుస్తుంది, అది మన ఎముకల్లో చేరుతుంది. మా అవ్వ పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. అవి వక్క మరకలనుకునేవాణ్ణి. చివరి పదేళ్ళు ఆమె నడుము, మెడ నిటారు కాలేదు. వీధి చివర బోరింగు పడినరోజు కొబ్బరికాయ కొట్టింది ఆమే! నీళ్ళు కాచి తాగితే మంచిదని ఎవరో చెబితే రోజూ కాచేది. కాస్తే నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఫ్లోరైడ్ పోదు, ఇంకాస్త చిక్కబడుతుంది. ఆ ముక్క ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. ఇంజనీరింగ్ చదివిన మనవడితో సహా.

నాయన లెక్కలో నారాయణ పక్షి చెరువుకి కొలబద్ద. అది దిగిందంటే చెరువులో నీళ్ళున్నట్టు, నీళ్ళుంటే చుట్టుపక్కల బావులూ ఊరినట్టు. మా కంభం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది, గుండ్లకమ్మకి అడ్డంగా వరదరాజమ్మ కట్టించిందంటారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. వాన పడితేనే కదా ఏ గుర్తింపైనా! ఇక వెలిగొండ సంగతి మీకు తెలిసిందే. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం నీళ్ళు తేవడానికి నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు రెండు. మొదటిది 2021లో, రెండోది 2024లో తవ్వడం పూర్తయింది. అదే ఏడు మార్చిలో జాతికి అంకితం చేశారు. ఆ రోజు కూడా మా నాయన ఇరవై లీటర్ల క్యాను కొనుక్కొచ్చుకున్నాడు.

ఇంతకీ ఆయన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "ఫిల్టర్ నీళ్ళు నాయనా" అన్నాను. "ఫిల్టర్లోకి యాడ్నించొచ్చినాయి?" అన్నాడు. "అపార్టుమెంటు నీళ్ళు." ఆయన ఇంకేం అనకుండా తాగాడు. కొడుకు తెచ్చిన నీళ్ళు కదా.

తిరిగొచ్చాక వాచ్‌మన్‌ని అడిగాను. కొంత కావేరి, మిగతాది ట్యాంకరట. ట్యాంకర్ ఎక్కడిదంటే డ్రైవర్ చెయ్యి ఊరి బయటికి చూపించాడు, ఏదో బోరు. మా అసోసియేషన్ పెద్దాయన టీడీఎస్ మీటరు ముంచి, నంబరు చూపించి, "సూపర్ వాటర్ సార్" అన్నాడు. ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందన్నది. దాన్నుంచి కరిగిన లవణాలన్నీ కలిపి ఓ అంచనా చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. ప్రొడక్షన్ సర్వర్ పింగ్‌కి పలుకుతోంది కాబట్టి లోపల అంతా బాగున్నట్టే అని క్లయింటుకి చెబితే ఊరుకుంటాడా? మా అమ్మాయికి ఆరేళ్ళు. ఇంకా కొత్త పళ్ళు వస్తున్నాయి. 2024 ఎండాకాలంలో బెంగుళూరు నీళ్ళ కరువప్పుడు కూడా నేను అడిగింది ట్యాంకర్ ఎప్పుడొస్తుందనే, ఎక్కణ్ణించి అని కాదు.

పోయిన శనివారం ట్యాంకర్ నీళ్ళు బాటిల్లో పట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళాను. అక్కడి అమ్మాయి కొంగ బొమ్మ చూసి "బాగుంది సార్" అని, బాటిల్ నా చేతికే ఇచ్చేసింది. ఫ్లోరైడ్ పరీక్షకి శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తేవాలట. పక్క కొట్టుకెళ్ళి పదిరూపాయల సీసా కొని, ఇంటికొచ్చి, మళ్ళీ పట్టుకెళ్ళి ఇచ్చాను.

రిపోర్టు బుధవారం వస్తుంది. నాయన రెండుసార్లు ఫోన్ చేశాడు.