బిగువైన నాదం

సంగీతమనగానే మనలో చాలమందికి వీణయో, సితారో, షహనాయియో స్ఫురిస్తుంది. విద్యుత్ గిటారు, అందునా ‘హెవీ మెటల్’ అనబడే ఉరుములాంటి బాణీ, పెద్దలకు కర్ణకఠోరంగా తోచడం సహజం. పగలు ఛందస్సు బోధించే తెలుగు అధ్యాపకుడు సాయంకాలం ఆ వాద్యాన్ని చేతబట్టడం చూచి నా సహోద్యోగులు నేటికీ నవ్వుతారు. ఆ నవ్వుకు నేను నొచ్చుకోను. కాని పాత పరాభవమొకటి మాత్రం మరపునకు రాదు.

ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక విద్యార్థి వేడుకలో తొలిసారి వేదికనెక్కాను. ఆంప్లిఫయరు ‘గెయిన్’ నాబును చివరంటా తిప్పాను. ఎంత గెయిన్ ఉంటే నాదానికి అంత గాంభీర్యమని నా భ్రమ. తీగ మీటగానే హాలంతా ఒకటే హోరు! ఏ స్వరమెక్కడ ముగిసిందో నాకే తెలియలేదు. డ్రమ్ములు వాయించే మిత్రునికి లయ తప్పింది. దర్జీ పని మానుకొని నాకోసం వచ్చిన అబ్బాజాన్ తల వంచుకొని లేచి వెళ్లిపోయారు. ఆ రాత్రి ఇంట్లో ఎవ్వరమూ ఆ మాట ఎత్తలేదు.

గిటారును కొంతకాలం అటకెక్కించాను. పిదప టోనీ అయోమీ వృత్తాంతం చదివాను. 1965లో బర్మింగ్‌హామ్‌లోని రేకుల కర్మాగారంలో అతని కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడమచేతివాటపువాడు గనుక తీగలనదిమే వేళ్లు అవే! అతడు ప్లాస్టిక్ సీసాను కరగించి వేలి తొడుగులు చేసుకొన్నాడు, సన్నని తీగలు బిగించుకొన్నాడు, 1971 నాటికి శ్రుతిని సైతం దించాడు. ‘బ్లాక్ సబ్బాత్’ బృందపు బరువైన నాదానికి అతని చేయే ఆధారం. అది చదివాక, పది వేళ్లూ ఉన్న నాకు సాకు మిగలలేదు.

మళ్లీ మొదటినుండి ఆరంభించాను. గెయిన్ పెరిగినకొద్దీ మెల్లని మీటుకూ గట్టి మీటుకూ భేదం చెరిగిపోతుంది. గిటారులో అడుగు తీగ సుమారు 82 హెర్ట్జ్ వద్ద మ్రోగుతుంది. ఆ మంద్రధ్వని యథాతథంగా ఆంప్లిఫయరులో చొరబడితే బురద అవుతుంది. అందుచేత ముందుగా ‘ట్యూబ్ స్క్రీమర్’ వంటి పెడలు నుంచి, దాని డ్రైవును దాదాపు సున్నకు దించి, లెవెలును పెంచాను. అది మంద్రాన్ని తగ్గించి మధ్యస్వరాలను ముందుకు తెస్తుంది. ఆంప్లిఫయరు గెయిన్‌ను సగానికి తగ్గించాను. మధ్యస్వరాలను తీసివేసే మోజు మానుకొన్నాను. ఒంటరి గదిలో అది ఇంపుగా ఉన్నా, బృందంలో గిటారు వినబడదు. చివరకు అంతా అరచేతిలోనే ఉంది. దాని అంచును బ్రిడ్జి చెంత తీగలపై ఆనించి మీటితే ప్రతి స్వరమూ పొట్టిగా, బిగువుగా పలికింది.

గతేడు ఒకనాటి సాయంకాలం మా ఇంట్లో వాయిస్తున్నాను. అబ్బాజాన్ గుమ్మం దగ్గర నిలబడి చాలసేపు విన్నారు. “ఇప్పుడు కుట్టు కుదిరింది బేటా,” అన్నారు.

విద్యార్థి మిత్రులారా! మీ జవాబుపత్రాలలో విశేషణాలు గుప్పించినపుడెల్లా నాకా తొలి వేదికే గుర్తుకు వస్తుంది. బలమున్నది హోరులో కాదు, ఎక్కడ ఆపాలో ఎరిగిన చేతిలో.