వేంగి దిబ్బ, కొల్లేటి గట్టు

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే ప్యాసింజరెక్కాను. గూడెం వదిలినా ఉల్లిపాయల వాసన వదల్లేదు, ఎవరో బస్తా ఒకటి సీటు కింద తోసేశారు. ఊళ్లో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది. ఎనభై ఏళ్ల క్రితం విమానాల కోసం పోసిన చదునది. నేను సైకిలు నేర్చుకున్నది దానిమీదే. ఈ కాలం పిల్లలకు అదో వెడల్పాటి రోడ్డు, అంతే. ఎనభై ఏళ్లనాటిదే ఇలా మాసిపోతుంటే పదహారు వందల ఏళ్లనాటి ఊరిని చూసొస్తానని బయల్దేరినందుకు ఇంట్లోవాళ్లు నవ్వారు.

ఏలూరు స్టేషన్ బయట ఆటో అతనితో, పెదవేగిలో తవ్వకాలు జరిగిన చోటికి తీసుకెళ్లమన్నాను.

"తవ్వకాలకైతే కైకలూరు రోడ్డుకెళ్లాలండి. పెదవేగిలో చెరువులెక్కడున్నాయండీ?"

"చేపల చెరువులు కాదు బాబూ, పాత ఊరు."

"ఓ, దిబ్బలా! అలా చెప్పండి మరి."

ఆ మాట దారంతా నన్ను పట్టుకునే ఉంది. తవ్వకం అంటే ఏలూరులో పొక్లెయిన్. నేను వెతుక్కుంటూ వచ్చిన తవ్వకానికి వాడేది తాపీ, చిన్న కుంచె.

పట్నం దాటాక పామాయిల్ తోటలు మొదలవుతాయి. జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది ఈ పెదవేగిలోనే. ఆ తోటల మధ్య ఊరు చూస్తే ఇది ఒకప్పుడు వేంగి అనే రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు. అలహాబాదు స్తంభం మీద సముద్రగుప్తుడు దక్షిణాదిలో ఓడించానని చెప్పుకున్న రాజుల వరుసలో వేంగి హస్తివర్మ పేరుంది. అంటే నాలుగో శతాబ్దం నాటికే ఈ ఊరి పేరు గంగ ఒడ్డు దాకా పాకింది. హస్తివర్మది శాలంకాయన వంశం. వాళ్ల ముద్ర మీద ఎద్దు, ఇలవేల్పు చిత్రరథస్వామి. తర్వాత తూర్పు చాళుక్యులొచ్చారు. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ వచ్చి ఆంధ్రదేశపు రాజధాని చుట్టుకొలత ఇరవై లీలు అని రాసుకున్నాడు. ఆనక చాళుక్యులు రాజమహేంద్రవరానికి మారిపోయారు. వేంగి పల్లెటూరైపోయింది.

ధనమ్మ దిబ్బ దగ్గర ఆటో ఆగింది. పేరు వింటే చాలు, రాత్రిళ్లు గునపాలు పట్టుకొచ్చేవాళ్లకు ఆశ పుట్టడానికి. 1980ల్లో పురావస్తు శాఖ వాళ్లు ఇక్కడ తవ్వారు. బయటపడినవి ఇటుక కట్టడాల పునాదులు. లంకెబిందెలు కావు. నేనొక ఇటుక పక్కన చెయ్యి పెట్టి చూశాను, నా జాన చాలలేదు. ఇప్పటి బట్టీ ఇటుకలు దాని ముందు బిస్కట్లలా ఉంటాయి.

ఆటో అతను గడ్డిలో నిలబడి, "ఇంతేనాండీ?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. పాంపేయి మీద అగ్నిపర్వతం బూడిద పోసింది కాబట్టి ఊరు ఊరంతా పెట్టెలో పెట్టినట్టు దొరికింది. మన ఊళ్లమీద అలా ఏదీ పడలేదు. మన ఊళ్లను మనమే ఇటుక ఇటుకా మోసుకెళ్లాం. ఏలూరు కోటకు వేంగి రాళ్లే పోయాయంటారు. అమరావతి స్తూపం, అదే దీపాలదిన్నె, సంగతి అందరికీ తెలిసిందే. 1790ల చివర్లో సర్వేయర్ మెకంజీ వచ్చేసరికే రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి కొత్త పట్నం కోసం జనం దాన్ని తవ్వుతున్నారు. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డులో, పాలరాళ్లు కాలువ స్లూయిజులో కలిశాయి. మిగిలిన గుట్టలోంచే 1892లో అలెగ్జాండర్ రే అక్షరాలున్న ధాతు కరండాలు బయటికి తీశాడు. ఆ అక్షరాలు దొరక్కపోయి ఉంటే మన లిపి చరిత్రలో మొదటి పుట ఖాళీగా ఉండేది.

అలాగని తవ్వే పండితుడు పాడుచేయడనీ కాదు. 1870ల్లో ష్లీమన్ ట్రాయ్ దిబ్బను నిట్టనిలువునా కోసేశాడు. ప్రియాముడి నిధి అని చాటుకున్న బంగారం ట్రాయ్ యుద్ధకాలం కంటే వెయ్యేళ్లకు పైగా పాతది. తను వెతికిన ఊరి పొరల్ని చాలావరకు తనే గునపంతో ఎత్తి పారబోశాడు. దిబ్బ అంటే ఒకే ప్రతి ఉన్న పుస్తకం, చదివిన పుట చదివినట్టే చిరిగిపోతుంది. పెదవేగి దిబ్బను ఇంకా పూర్తిగా తవ్వలేదని కొందరు బాధపడతారు. నాకు మాత్రం అది మేలే అనిపిస్తుంది.

అక్కణ్నుంచి కామవరపుకోట వైపు, బౌద్ధ గుహలున్న గుంటుపల్లి. కొండ కింది ఊరు జీలకర్రగూడెం. మెట్లెక్కేసరికి చొక్కా తడిసిపోయింది. శాసనాల్లో ఈ కొండ పేరు మహానాగపర్వతం. గుండ్రటి చైత్యగుహ ముందు చెప్పులు విప్పమన్నాడు కాపలా పెద్దాయన.

"ధర్మలింగేశ్వరుడండి. శివరాత్రికి చూడాలి జనం."

లోపల ఉన్నది రాతి స్తూపం. క్రీస్తుకు పూర్వం, రెండో శతాబ్దం ప్రాంతంలో ఇసుకరాయి కొండను తొలిచి ఆ రాతిలోనే మలిచారు. అది స్తూపమండీ అని పెద్దాయనతో వాదించబుద్ధి కాలేదు. బౌద్ధులు వెళ్లిపోయాక ఆ గుహలో దీపం పెట్టింది ఈ ఊరివాళ్లే. దేవుడనుకోబట్టే ఎవరూ దాన్ని పగలగొట్టలేదు.

తలెత్తి చూశాను. గుమ్మటం లోపల నడిమధ్య నుంచి చుట్టూ వాసాలు దిగాయి, అన్నీ రాయే. మా అమ్మమ్మగారి తాటాకు పాకలో పడుకుని పైకి చూస్తే సరిగ్గా ఇలాగే ఉండేది. కర్రతో, ఆకుతో కప్పే ఇల్లు ఎలా ఉంటుందో అలాగే రాతిలో దించాడు ఆ వడ్డెవాడు. గుర్రపునాడా తోరణం చూస్తే బీహారులో బరాబర్ కొండల్లోని లోమశఋషి గుహ గుర్తొస్తుంది. అది మౌర్యుల కాలానిది. దాని ఫొటో పుస్తకంలో చూసినవాళ్లు ఈ గుమ్మాన్ని ఇట్టే పోల్చుకుంటారు.

పైన ఇటుక చైత్యం, వరసగా చిన్న చిన్న స్తూపాలు, విరిగిన మండప స్తంభాలు. ఆ స్తంభాల మీది శాసనం నాకు భలే ఇష్టం. మండపం కట్టించింది రాజు కాదు, రాజుగారి లేఖకుడు చూలగోమ. మన మాటలో గుమాస్తా. 1968లో అచ్చయినప్పుడు రాజు ఖారవేలుడన్నారు. తర్వాత పండితులు కాదన్నారు, అదే మహామేఘవాహన వంశంలోని సిరిసద అని తేల్చారు. రాజు పేరు దగ్గర అంత పేచీ పడింది గాని గుమాస్తా పేరు చెక్కుచెదరలేదు.

సాయంత్రానికి కైకలూరు రోడ్డెక్కాం. ఆటో అతను చెప్పిన అసలు తవ్వకాలు ఇక్కడున్నాయి. ఎటు చూసినా చెరువులు, వాటి గట్లు, ఏరేటర్ల చప్పుడు. 1999లో కొల్లేరు సరస్సులో ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చాలా గట్లు కొట్టేశారు. అయినా ఒకచోట పొక్లెయిన్ మట్టి ఎత్తుతూనే ఉంది. ఆగి డ్రైవర్ కుర్రాడిని అడిగాను, పాత కుండపెంకులేమైనా తగుల్తాయా అని.

"తగుల్తాయండి. గట్టులో కలిసిపోతాయి. ఎవరు చూస్తారండీ?"

శాలంకాయన నందివర్మ రాగిరేకుల్లో ఒక దానశాసనాన్ని చరిత్రకారులు కొల్లేరు పేరుతోనే పిలుస్తారు. కొల్లేటికోట లంకలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. అక్కడి కథా తవ్వకం కథే. గజపతుల కోటను నీళ్లు కాపాడుతుంటే, శత్రువులు ఆ నీటిని సముద్రంలోకి తీసేయడానికి ఉప్పుటేరు తవ్వించారట. పని నెగ్గాలని వాళ్ల సేనాని కన్నకూతురినే బలిచ్చాడట. ఆమె పేరు మీదే ఆ పాయకు పేరంటాల కనుమ అని పేరు. కథలో నిజమెంతైనా, నీటికి దారి తవ్వితే ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారని కొల్లేటి జనానికి ఎప్పట్నుంచో తెలుసు.

గుంటుపల్లి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి. పెదవేగిలోనో, దెందులూరు భీమలింగదిబ్బ మీదో కాలికి ఇటుకముక్క తగిలితే చేత్తో తీసి చూడండి, ఫొటో తీసుకోండి, ఉన్నచోటే పెట్టేయండి. ఏ పొరలో పడుందో అదే దాని చిరునామా, ఇంటికి తెచ్చుకుంటే అది వట్టి ఇటుకముక్క.